ఘాటు లేని నెలలో రాసిన లెక్క

మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులుంటాయని గుంటూరు బయటివాళ్ళకు చెబితే నమ్మరు. బడికీ కోర్టుకీ సెలవులుంటాయి గానీ మిరపకాయకు సెలవులేమిటని నవ్వుతారు. ఉంటాయి. మే నెలలో ఎండలు ముదిరి, బస్తాలు మోసేవాళ్ళకు కళ్ళు తిరిగే రోజులు రాగానే యార్డు మూతపడుతుంది. ఆ కొన్ని వారాలూ కోల్డ్ స్టోరేజీల దారిలో ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా నడవొచ్చు. మా ఆఫీసు మొత్తం ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ వారాల కోసమే. యార్డుకు సెలవులిస్తే మేం తనిఖీలకు బయల్దేరేవాళ్ళం.

ఇందులో తప్పుందని మీకు ఇంకా అనిపించకపోవచ్చు. నాకు తొమ్మిదేళ్ళు అనిపించలేదు. ఇప్పుడు మా సీట్లలో కూర్చున్న పిల్లలకు అంకెలన్నీ రేవుల్లోని కంప్యూటర్ల నుంచి తిన్నగా వచ్చి పడుతున్నాయట. ఎండలో తిరగనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. సంతోషమే. అయినా వాళ్ళూ ఒకసారి ఇది చదవాలని నా కోరిక.

ముందు మా పనేమిటో చెప్పాలి. మన దేశం నుంచి ఏ రంగంలో ఎంత సరుకు బయటికి పోతోంది, అదే రంగంలో బయటి నుంచి ఎంత వస్తోంది అని ఢిల్లీలో పెద్ద పట్టిక వేస్తారు కదా. ఆ పట్టికకు అడుగున, ఎవరికీ కనపడనంత అడుగున, మాలాంటి ఆఫీసులుండేవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల ముక్క మాది. పత్తి, పొగాకు, మిర్చి, గ్రానైటు, రొయ్యలు. ఒక్కో సరుకుకు ఒక వరస, ఆ వరసలో పోయేదానికి ఒక గడి, వచ్చేదానికి ఒక గడి. ఎగుమతుల సీటు నాది. నా ఎదురు బల్ల దిగుమతుల సీటు. అందులో కూర్చునే ఆయన ఉద్యోగంలో నాకంటే రెండేళ్ళు సీనియరు, నోటి దురుసులో ఇరవై ఏళ్ళు సీనియరు.

"ఏం మేడమ్, ఇవ్వాళ దేశాన్ని ఎంత అమ్మారు?" అనేవాడు పొద్దున్నే బ్యాగు బల్ల మీద పెడుతూ.

"మీరు కొనుక్కొచ్చినదానికంటే ఎక్కువే లెండి," అనేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ రెండు గడుల్నీ పక్కపక్కన పెట్టి చూడడంలో ఒక మజా ఉంది. పత్తి మనదే కదా అనుకుంటాం. నూలు బయటికి పోతుంది, నిజమే. కానీ సన్న నూలు తీసే మిల్లులు పొడుగు పింజె పత్తిని పరాయి దేశం నుంచి తెప్పించుకుంటాయి. చీమకుర్తి రాయి ఓడెక్కి పోతుంది, దాన్ని కోసే రంపాల పళ్ళు ఓడ దిగి వస్తాయి. రొయ్యల సంగతి మరీ వింత. సింగరాయకొండ పక్క సముద్రపు ఒడ్డున పిల్లల్ని పెంచే హేచరీలకు తల్లి రొయ్యలు విమానంలో వస్తాయి. "నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు, రొయ్య ఎక్కింది," అని మా దిగుమతులాయన ప్రతి ఏడాదీ వాపోయేవాడు. మిర్చి వరస వచ్చేసరికి మాత్రం ఆయనకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. గడిలో ఒక గీత గీసి టీకి లేచేవాడు. మా మిరపకాయకు పరాయి దేశం నుంచి ఏదీ రావాల్సిన పనిలేదు. మట్టీ మనదే, ఎండా మనదే, చేతులూ మనవే. ఆ గీత చూసినప్పుడల్లా నా సొంత తోటలో పండినంత గర్వంగా ఉండేది నాకు.

కంప్యూటర్లో పట్టిక అయ్యాక నేను దాన్ని డ్రాయింగు షీటు మీద గీసేదాన్ని. ఎగుమతులకు ఆకుపచ్చ పెన్సిలు, దిగుమతులకు ఎర్ర పెన్సిలు. ఎవరూ గీయమనలేదు. మా సూపరింటెండెంటుగారికి ఆ బొమ్మంటే ఇష్టం. ఆయనది ఒంగోలు వైపు. తెల్ల చొక్కా, జేబులో రెండు కళ్ళజోళ్ళు, తక్కువ మాటలు. నా బొమ్మను గోడకు తగిలించి, రెండడుగులు వెనక్కు వేసి, "బాగుంది అమ్మాయ్" అనేవారు. నాకప్పటికే నలభై దాటాయి, అయినా ఆయనకు అమ్మాయినే.

ఆ బొమ్మలో మిర్చికి రెండు చోట్లుండేవి. వ్యవసాయం అన్న చోట ఆకుపచ్చ కడ్డీ షీటు పైఅంచు దాకా పోయేది. పరిశ్రమ అన్న చోట ఖాళీ. పత్తికి జిన్నింగు మిల్లులున్నాయి, పొగాకుకు గ్రేడింగు గోడౌన్లున్నాయి, రాయికి పాలిషింగు ఫ్యాక్టరీలున్నాయి. మిర్చికి ఏమీ లేదు, చేలోంచి కోసి ఓడెక్కించడమే అన్నట్టు ఉండేది నా బొమ్మ.

ఇప్పుడు ఆ ఖాళీ ఎలా వచ్చిందో చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఫిబ్రవరిలో ముచ్చికల షెడ్లకు తనిఖీకి వెళ్ళాను. ముచ్చిక అంటే తొడిమ. చాలా దేశాలవాళ్ళు తొడిమ ఉన్న మిరపకాయ తీసుకోరు. అందుకని ఊరి చివర రేకుల షెడ్లలో ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో కాయకూ ముచ్చిక గిల్లి తీస్తారు. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో దగ్గు పట్టుకుంది. కళ్ళు, ముక్కు, గొంతు, చివరికి చెవుల్లో కూడా మంట. ఫారం తీసి పేరు రాసేలోపే బయటికి పరుగెత్తాను. ఆటోలో ఆఫీసుకు వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాను. అందరూ చుట్టూ చేరి నవ్వారు.

"సీజన్లో ఎవరైనా వెళ్తారా మేడమ్? యార్డు సెలవుల్లో వెళ్ళాలి. ఘాటుండదు, గొడవుండదు, మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు," అన్నాడు దిగుమతులాయన. ఆయన వేళాకోళంగా అన్న మాట కాదది. మా ఆఫీసు పద్ధతే అది. మాకంటే ముందువాళ్ళూ అలాగే వెళ్ళారు.

అప్పటినుంచి నేనూ మే నెలలోనే వెళ్ళాను. షెడ్డుకు తాళం ఉండేది. కాపలా మనిషి మంచం మీంచి లేచి, తాళం తీసి, ఊడ్చిన నేల చూపించేవాడు. ఫారంలో "పని జరుగుతున్నదా" అన్నచోట లేదని, "పనివారి సంఖ్య" అన్నచోట సున్నా అని రాసేదాన్ని. అతను వేలిముద్ర వేసేవాడు. తర్వాత సూపరింటెండెంటుగారు సంతకం చేసేవారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. కళ్ళతో చూసిందే రాశాను. తొమ్మిదేళ్ళపాటు కళ్ళతో చూసి మరీ రాశాను.

ఆ తొమ్మిదో ఏడు ఒక పథకం వచ్చింది. ఎగుమతి సరుకు తయారుచేసే చోట, పనిచేసే ఆడవాళ్ళ కోసం గాలి లాగే ఫ్యాన్లు, మంచినీళ్ళు, పిల్లల్ని పడుకోబెట్టుకోవడానికి ఒక గది కట్టించి ఇస్తారు. రంగాల వారీగా ఎగుమతి, దిగుమతి పోల్చి, ఏది దేశానికి ఎక్కువ తెస్తోందో, ఎక్కడ ఎక్కువమంది పనిచేస్తున్నారో చూసి ఎంపిక చేస్తారు. పోల్చేది మా పట్టికతోనే. ముసాయిదా జాబితా పేపర్లో పడింది. జిన్నింగు మిల్లులున్నాయి, పొగాకు గోడౌన్లున్నాయి, రాతి ఫ్యాక్టరీలున్నాయి. ముచ్చికల షెడ్లు లేవు.

జనవరి నెలాఖరు. ఆఫీసు తెరిచి అరగంట కూడా కాలేదు. యాభై ఏళ్ళ మనిషి ఒకామె, తలమీద కొంగు, చంకలో గోనెసంచి మూటతో నేరుగా లోపలికి వచ్చింది. వేళ్ళ కొసలు ఎర్రగా, పగిలి ఉన్నాయి. ముచ్చికలు తీసే ముఠాకు మేస్త్రినని చెప్పింది. ఆమె మనుషులు కొందరు బయట మెట్ల దగ్గర నిలబడ్డారు.

"షెడ్ల లెక్క రాసేది ఎవరమ్మా?" అంది.

"నేనే. కూర్చోండి."

కూర్చోలేదు. మూట విప్పి నా బల్ల మీద కుమ్మరించింది. అన్నీ ముచ్చికలే. ఎండిన తొడిమలు, వాటితోపాటు ఎర్ర దుమ్ము. నా ఆకుపచ్చ పెన్సిలు, ఎర్ర పెన్సిలు, ఫైళ్ళు, టీ గ్లాసు, అన్నీ వాటికింద మునిగిపోయాయి. ముందు నేను దగ్గాను, తర్వాత దిగుమతులాయన, తర్వాత ఆఫీసంతా. కిటికీలు తెరవండి అని ఎవరో అరిచారు.

ఆమె ఒక్కతే దగ్గలేదు. మా దగ్గు తగ్గేదాకా ఆగింది.

"మా షెడ్లలో ఎవురూ పనిచెయ్యట్లేదని రాశారంట గదమ్మా. మరి ఇయ్యన్నీ ఎవరు తీశారంటారు? కాయే ఓడెక్కేముందు తనంతట తాను తీసుకుందా?"

"అది కాదమ్మా, మేం వచ్చినప్పుడు..."

"ఎప్పుడొచ్చారు?"

నేను ఫైలు మీది ముచ్చికలు పక్కకు తోశాను.

"సెలవుల్లో వచ్చుంటారు," అంది. కోపంగా కాదు, మాకు ఇది ముందే తెలుసన్నట్టు అంది. "సెలవుల్లో మేం మటుకు ఏడుంటామమ్మా? పత్తి చేలల్లో కట్టె పీకను పోతాం. సీజన్ల రండి, కూకునే చోటు లేకుండా ఉంటాం."

తర్వాత ఆమె గొంతు తగ్గించింది. కూతురు తన పక్కనే కూర్చుని పనిచేస్తుందట. కూతురికి ఏడు నెలల పాప. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరు. షెడ్డులో దూలానికి చీర ఉయ్యాల కట్టి, ముఖం మీద తడిగుడ్డ వేసి పడుకోబెడతారు. "పోయిన నెల ఆసుపత్రిలో నాలుగు రోజులుంది తల్లీ. ఈ దుమ్ములో పెట్టొద్దన్నాడు డాక్టరు. ఎక్కడ పెట్టాలో చెప్పలా. మాకు ఫ్యాన్లొద్దు, ఏమొద్దు. ఆ పిల్లలుండే గది ఒక్కటి కట్టమనండి."

ఆమె వెళ్ళాక అటెండరు ఊడవడానికి చీపురు తెస్తే సూపరింటెండెంటుగారు వద్దన్నారు. ఆయనే వంగి ముచ్చికలన్నీ చేత్తో పోగుచేసి మళ్ళీ గోనెసంచిలోకి ఎత్తారు. "ఇది సీజనేగా, రేపే వెళ్ళి చూసిరా అమ్మాయ్," అన్నారు.

వెళ్ళాను. తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకుని వెళ్ళాను. షెడ్డు నిండా మనుషులు. గోడకు ఆనుకుని ఒక వరస, మధ్యలో వీపుకు వీపు ఆనించి ఇంకో రెండు వరసలు. అందరి ముందూ ఎర్రటి కుప్పలు. వేళ్ళు ఎంత చకచకా ఆడుతున్నాయంటే కాయ ఎప్పుడు ఎత్తారో, ముచ్చిక ఎప్పుడు రాలిందో తెలియడం లేదు. కబుర్లు చెప్పుకుంటున్నారు, నవ్వుతున్నారు. నా దగ్గు చూసి ఇంకా నవ్వారు. ఎవరో నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, "చప్పరించండి మేడమ్, కొంచెం ఆగుద్ది" అన్నారు. ఆగలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే తలలు లెక్కపెట్టాను. తప్పిపోయి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.

మూల దూలానికి పసుపుపచ్చ చీర ఉయ్యాల. మేస్త్రి ముఖం మీద గుడ్డ తీసి చూపించింది. పాప నిద్రలో కూడా ముక్కు చిట్లించుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో గరగరమంటోంది. నేను ఆ షెడ్డులో అరగంట ఉండలేకపోయాను. ఆ పిల్ల పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నేను సున్నా రాసిన తొమ్మిదేళ్ళలో ఇలా ఎంతమంది పిల్లలు ఆ దూలానికి వేలాడారో నా ఏ ఫారంలోనూ లేదు.

ఆ దారిలో ఉన్న షెడ్లన్నీ తిరిగాను. వారం పట్టింది. కొత్త ఫారాలు నింపి సూపరింటెండెంటుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, తలుపు దగ్గరగా వెయ్యమన్నారు.

"పోయిన ఏడాది దాకా సున్నా. ఈ ఏడాది ఇంతమంది. పైవాళ్ళు ఏది అబద్ధమని అడుగుతారు."

"అవును సార్."

దిగుమతులాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఉపాయం ఉంటుంది. "ఈ సంవత్సరమే కొత్తగా పని మొదలైందని రాసేస్తే సరిపోలా? ఎవరి మీదకూ రాదు."

"మూడేళ్ళుగా నడుస్తున్న పనికే పథకం వర్తిస్తుందని రాశారు," అన్నాను. నిబంధనలు నాకు అప్పటికే నోటికొచ్చేశాయి. కొత్త పని అని రాస్తే గది రాదు. గది రావాలంటే పాత సున్నాలు తప్పని మేమే ఒప్పుకోవాలి. ఆ సున్నాల కింద మొదటి సంతకం నాది, పైన సూపరింటెండెంటుగారిది. నా సర్వీసు ఇంకా బోలెడుంది. ఆయనకు నాలుగు నెలలే ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను దిగిపోయాక వచ్చే ఏడు సరిచేద్దామా అమ్మాయ్?" అన్నారు మెల్లగా. ఆయన అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. జీవితమంతా మచ్చలేకుండా చేసిన మనిషి. నాకేమనిపించిందో దాచకుండా చెబుతాను. హమ్మయ్య అనిపించింది. ఆయన వద్దంటే నా తప్పు కూడా ఇంకో ఏడాది బయటపడదు కదా. "మీ ఇష్టం సార్," అని బయటికి వచ్చేశాను. ఆ రాత్రి ఇంట్లో కూర తాలింపు ఘాటుకు దగ్గొస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎంపిక సమావేశం ఒంగోల్లో పెట్టారు. ఇద్దరం పొద్దున రైలెక్కాం. పాత ఫారాలు, కొత్త ఫారాలు రెండూ నా సంచిలో ఉన్నాయి. ఏవి బయటికి తీయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చీరాల దాటాక ఆయన ఇడ్లీ పొట్లం విప్పి సగం నాకిచ్చారు. కిటికీలోంచి తమ వైపు పొలాలు చూస్తూ కూర్చున్నారు. దారి పొడుగునా నేను మనసులో ఒక వాక్యం కూడబలుక్కున్నాను. "సార్, పాత అంకెలు తప్పు, తనిఖీ చేసింది నేను." ఇంతే. చిన్న వాక్యమే. నోటికొచ్చేదాకా లోపల్లోపల చెప్పుకున్నాను.

హాలు పెద్దది. చలి ఏసీ. మా పట్టిక తెరమీద వేశారు. పై నుంచి వచ్చిన అధికారి ఒక్కో రంగం చూసుకుంటూ వచ్చాడు. పత్తిలో ఇంత పోతోంది, ఇంత వస్తోంది, బాగుంది. రాయి, బాగుంది. మిర్చి దగ్గర ఆగాడు.

"మిర్చిలో దిగుమతే లేదు, మొత్తం ఎగుమతే. మంచిదే. మరి పరిశ్రమ గడి ఖాళీగా ఉందేమిటి? అంతా ముడి సరుకేనా? కాయ శుభ్రం చేసేవాళ్ళు లేరా? ఈ అంకెలు ఎవరు చూస్తారు?"

నేను లేచి నిలబడ్డాను. హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. రైల్లో అంతసేపు వల్లెవేసిన వాక్యం బయటికి రాలేదు. "మళ్ళీ చెక్ చేసి చెబుతాం సార్," అన్నాను.

అంత మాటే అన్నాను. కూర్చుండిపోయాను. అధికారి తల ఊపి, తెర మీద తర్వాతి వరసకు వెళ్ళమని చెయ్యి చూపించాడు.

పక్కన కుర్చీ కిర్రుమంది. మా సూపరింటెండెంటుగారు లేచారు.

"చెక్ చేసేదేం లేదు సార్," అన్నారు. "ఆ గడి తప్పు. అక్కడ పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేం తొమ్మిదేళ్ళుగా లేరని రాశాం. సంతకం నాది."

"తొమ్మిదేళ్ళా? ఎట్లా?"

"యార్డు సెలవుల్లో తనిఖీకి వెళ్ళాం సార్."

"సెలవుల్లోనా? ఎందుకు?"

"సీజన్లో వెళితే దగ్గొస్తుందని సార్."

హాలంతా ఒక్కసారి నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. మా సూపరింటెండెంటుగారు నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడే ఉన్నారు.

"ఈ పట్టికలో ప్రతి సరుకు పక్కనా ఎంతో కొంత బయటినుంచి వచ్చేది ఉంది సార్. మిర్చి పక్కన ఏమీ లేదు. ఉన్నదల్లా ఆడవాళ్ళ చేతులు. ఆ చేతులు మేం రాయలేదు. అమ్మాయ్, కొత్త ఫారాలు ఇవ్వు."

సంచిలోంచి తీసి ఇచ్చాను. "తనిఖీకి వెళ్ళింది ఎవరు?" అని అడుగుతారేమో, అప్పుడైనా లేవాలి అనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగనందుకు అప్పుడు బతికిపోయాననుకున్నాను. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే.

రైల్లో తిరిగి వస్తూ, "ఎందుకు లేచారు సార్? వచ్చే ఏడు చూద్దామన్నారుగా," అన్నాను. "అంతమందిలో చెక్ చేస్తామన్నావు కదమ్మాయ్. చెక్ చేశాం కదా మనం," అన్నారు. తర్వాత గుంటూరు వచ్చేదాకా కునుకు తీశారు.

గడి మారింది. మిర్చి పరిశ్రమ వరసలో మొదటిసారి నా ఆకుపచ్చ పెన్సిలు పడింది. షెడ్లు జాబితాలో చేరాయి. ఆయనకు మెమో వచ్చింది. తొమ్మిదేళ్ళు తప్పుడు సమాచారం పంపినందుకు సంజాయిషీ. మేలో, సరిగ్గా యార్డు సెలవుల్లోనే, ఆయన రిటైరయ్యారు. విచారణ తేలేదాకా పెన్షను కాగితాలు కదల్లేదు. దండలు వేశాం, ఫొటో దిగాం, ఆయన నా బొమ్మ ఒకటి అడిగి చుట్టచుట్టి పట్టుకెళ్ళారు. తనిఖీలన్నీ చేసింది నేనని, బాధ్యత నాదని ఒక ఉత్తరం రాశాను. శుభ్రంగా రాశాను, తేదీ వేశాను, సంతకం చేశాను. సొరుగులో పెట్టాను. రేపిద్దాం రేపిద్దాం అనుకుంటుండగానే ఆయన మీద విచారణ ముగిసింది. మందలింపుతో వదిలేశారు. ఆలోపు ఆయన ఏడు నెలలు తిరిగారు. నేనిచ్చి ఉంటే అంతకాలం పట్టేది కాదేమో. ఆ ఉత్తరం ఎవరికీ ఇవ్వనేలేదు.

మరుసటి సీజన్లో గది లేచింది. మేస్త్రి ఆఫీసుకొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసింది. షెడ్డుకు దూరంగా, గాలి వాటుకు ఎదురుగా, దుమ్ము రాని వైపు కట్టారు. నీలం రంగు తలుపు, కిటికీలకు జాలీ, లోపల కొక్కేలకు ఉయ్యాలలు. ఆమె మనవరాలు అప్పటికి నడిచేస్తోంది. గరగర తగ్గింది. మేస్త్రి ఆ పిల్లను ఎత్తి నా చేతికిచ్చి చుట్టూ ఉన్నవాళ్ళతో అంది, "ఈ అమ్మేనే మన లెక్క రాసింది. ఈ అమ్మే తెచ్చింది గది."

పాప నా మెడ పట్టుకుని ముక్కును నా భుజానికేసి రుద్దింది. నాకు అక్కడ నిలబడ్డం కష్టమైంది.

"నేను కాదమ్మా, మా సూపరింటెండెంటుగారు," అన్నాను.

"మరి ఆయన్ని తీసుకురాలేదేందమ్మా? ఎంత మాట! ఆ సారుకు చూపించాలిగా," అని ఆమె నన్నే కోప్పడింది.

ఆ ఆదివారమే ఒంగోలు వెళ్ళాను. ఆయన ఇంట్లో ముందు గదిలో గోడకు నా బొమ్మ తగిలించి ఉంది. మంచినీళ్ళు తాగకుండానే చెప్పేశాను. "ఆ రోజు లేవాల్సింది నేను సార్. ఉత్తరం కూడా రాశాను, ఇవ్వలేదు." ఏడుపొచ్చింది. ఆయన వారించలేదు, ఓదార్చలేదు.

"తెలుసమ్మాయ్," అన్నారు. మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "గది చూశావా?" అన్నారు.

"చూశాను సార్."

"ఎప్పుడు వెళ్ళావు?"

"మొన్న గురువారం."

"సీజన్లోనే కదా?"

"అవును సార్."

"షెడ్డులోకి కూడా వెళ్ళావా? దగ్గొచ్చిందా?"

"వచ్చింది సార్. ఇంకా తగ్గలేదు."

అప్పుడు నవ్వారు. ఆయన అలా పళ్ళు కనపడేట్టు నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. "అయితే ఈ ఏడు లెక్క సరిగ్గా వచ్చుంటుంది," అని లోపలికి చూసి, టీ పెట్టమని కేకేశారు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. దిగుమతులాయన రిటైరయ్యాక తిరుపతికి విమానంలో వెళ్ళొచ్చి, రొయ్యతో సమానమయ్యానని ఫోన్ చేశాడు. నేను దిగిపోయి నాలుగేళ్ళు. మేస్త్రి ఇప్పుడు పనిలోకి రావడం లేదు, ఆమె కూతురే మేస్త్రి. ఫిబ్రవరి రాగానే ఒకరోజు ఆటో మాట్లాడుకుని షెడ్ల దారి పడతాను. అడిగేవాళ్ళు లేరు, నింపడానికి ఫారమూ లేదు. ముందు నీలం తలుపు గదిలోకి తొంగిచూసి ఉయ్యాలలు ఎన్ని ఊగుతున్నాయో లెక్కపెడతాను. తర్వాత షెడ్డులోకి వెళ్ళి, వాళ్ళ మధ్య పీట వేయించుకుని కూర్చుని, వాళ్ళిచ్చిన బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, కడుపునిండా దగ్గి వస్తాను.